పక్కింటి గడప కూడా మనదే

కూలికి ఒకే ఆటోలో వెళ్లే కుటుంబాలు ఇంటి జాగా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు విడిపోతున్నాయి? శిరివెళ్ల వీధుల నుంచి, నూట అరవై ఏళ్ల కిందట మనవాళ్లు ఓడలెక్కి చేరిన డర్బన్ దాకా ఈ ప్రశ్నకు దొరికే జవాబులు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే జాతీయ రహదారి మీద శిరివెళ్ల మండల కేంద్రం. తూర్పున నల్లమల, పడమరగా కుందూ నది వైపు పరుచుకున్న నల్లరేగడి. పత్తి తీతలు, మిరప కోతలు, వరి నాట్లు మొదలయ్యాయంటే తెల్లవారకముందే ఆటోలు కూలీలతో కిక్కిరిసిపోతాయి. మాదిగ గేరి నుంచి వచ్చిన పెద్దమ్మ, దూదేకుల ఇంటి కోడలు, బోయల ఇంటి పిల్ల, షేకుల ఇంటి జేజి ఒకే ఆటోలో మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటారు. చేనులో సాళ్లు పంచుకుంటారు. మధ్యాహ్నం ఒకే చెట్టు నీడన సద్ది విప్పుతారు. వదినా, పిన్నమ్మా, అత్తా అని వరసలు కలిపి పిలుచుకుంటారు. మేస్త్రీ కూలి తగ్గించి ఇవ్వబోతే అందరూ కలిసే గొంతు పెంచుతారు.

సాయంత్రం ఆటో ఊళ్లోకి వచ్చాక ఎవరి వీధి మలుపులో వాళ్లు దిగిపోతారు. పొద్దంతా ఉన్న ఆ కలివిడితనం అక్కడితో ఆగిపోతుంది. విచిత్రమేమంటే ఇళ్లకు చేరిన తర్వాత వాళ్లందరినీ తినేసే దిగులు మాత్రం ఒకటే: సొంత గూడు లేకపోవడం. నెల తిరిగేసరికి బాడుగ కట్టాలి. బాడుగకు అగ్రిమెంటు ఉండదు, రసీదు ఉండదు. ఇంటాయన కొడుకు పెళ్లి కుదిరితే ఖాళీ చేయాలి. మిద్దె మీద గది వేయాలనుకున్నా ఖాళీ చేయాలి. బడి ఏడాది మధ్యలో పిల్లల్ని లాక్కొని, చీరెల మూట, బియ్యం డబ్బా, గ్యాస్ సిలిండరు ఆటోలో వేసుకొని మరో వీధి వెతుక్కోవాలి. బాడుగ కట్టలేనివాళ్లు అత్తగారింటి వసారాలో పరదా కట్టుకొని కాపురం చేస్తారు. లేదంటే వంక ఒడ్డున, కాలువ గట్టున ప్రభుత్వ జాగాలో కొట్టం వేసుకొని, ఎవరు ఎప్పుడొచ్చి తీసేయమంటారోనని బితుకుబితుకుమంటూ బతుకుతారు.

కూలి కోసం కలిసి అడిగే నోళ్లు గూడు కోసం కలిసి ఎందుకు అడగవు? ఊళ్లోని పేదల భవిష్యత్తంతా ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. కష్టం ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటి కారు. ఒకరి గడప కూలుతున్న రోజున మిగిలినవాళ్లు ఎక్కడ నిలబడ్డారన్న దాన్నిబట్టే ఒకటవుతారు. ఈ మాటకు ఆధారం సముద్రాల అవతలి నుంచీ, మన తెలుగు నేల నుంచీ దొరుకుతుంది.

గీతలు గీసిన ఊరు

మన పల్లెల పటమే విడదీసేలా ఉంటుంది. నడిమధ్యన పెద్దింటి మిద్దెలు, వాటి చుట్టూ రైతుల ఇళ్లు, ఒక పక్క సాయిబుల వీధి, ఊరి చివర మాల, మాదిగ గేరులు. ప్రభుత్వాలు పక్కా ఇళ్లు కట్టించడం మొదలుపెట్టాకైనా ఈ గీతలు చెరిగిపోవాల్సింది. కానీ దశాబ్దాల పాటు కాలనీలు కూడా ఆ గీతల వెంబడే లేచాయి. బోర్డు మీద పేరు ఏదున్నా జనం నోట అవి ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ, ముస్లిం కాలనీలుగానే స్థిరపడ్డాయి.

పట్నానికి పోతే గీత మరో రూపంలో ఎదురవుతుంది. నంద్యాల్లోనో కర్నూలులోనో బాడుగ ఇల్లు అడిగితే ముందు పేరు, తర్వాత ఊరు, ఆ తర్వాత మెల్లగా ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న. జవాబును బట్టి ఇల్లు ఖాళీగా ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్ బృందం ఈ వివక్షను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించింది. ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం జీతం ఉన్నవాళ్లు ఇల్లు అడిగితే, అగ్రవర్ణ హిందువుల పేర్లకు దొరికిన ఆదరణ దళితులకు దొరకలేదు. ముస్లింలకు తలుపులు ఇంకా ఎక్కువగా మూసుకుపోయాయి. ఆ మూత మన పట్టణాల్లో బాడుగకు తిరిగినవాళ్లందరికీ అనుభవమే.

ఆళ్లగడ్డ ప్రాంతానికి మరో గీత ఉంది. కులం కంటే, మతం కంటే మొండిది: వర్గం. దశాబ్దాల ముఠా రాజకీయాల్లో ప్రతి వీధీ ఏదో ఒక నాయకుడి వర్గంలో జమ అయింది. ఇంటి జాగా కావాలంటే పేదవాడు పక్క వీధి పేదవాడి దగ్గరికి వెళ్లడు, తన వీధి పెద్దను పట్టుకొని తన వర్గం నాయకుడి ముందు చేతులు కట్టుకుంటాడు. పట్టా హక్కుగా రాదు, నాయకుడి దయగా వస్తుంది. రాకపోతే ‘అంతా వాళ్లకే ఇచ్చేసినారు’ అన్న మాట వీధుల్లో తిరుగుతుంది. ఆ ‘వాళ్లు’ ఎప్పుడూ పక్క వీధి పేదవాళ్లే. జాగా లేదని చెప్పిన యంత్రాంగం మీదికి కోపం వెళ్లదు, జాబితాలో పేరున్న సాటి కూలీ మీదికి మళ్లుతుంది.

2019 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షాలకు నంద్యాల, మహానంది, శిరివెళ్ల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కుందూ, వాగులు, వంకలు పొంగి లోతట్టు ఇళ్లు మునిగిపోయాయి. పల్లంలో ఇళ్లు కట్టుకునేది ఎవరు? మెరక మీద జాగా కొనలేనివాళ్లు. వంక పక్కన వరసగా ఉండే కొట్టాలూ రేకుల ఇళ్లూ చూస్తే అన్ని వీధుల పేర్లూ అక్కడ కనబడతాయి. ఊరి నడిమధ్యన వేరువేరుగా ఉన్నవాళ్లు ఊరి అంచుకు చేరేసరికి ఇరుగుపొరుగులయ్యారు. ఆ ఇరుగుపొరుగుతనం సహాయ శిబిరంలో కొన్ని రోజులు వెలిగి, బియ్యం పంపిణీ ముగిసేసరికి చెదిరిపోవడమే మనం మళ్లీమళ్లీ చూస్తున్నాం.

చేతిలో పట్టా, మొండి గోడల ఇల్లు

2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం ఇళ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. 30 లక్షలకు పైగా పట్టాలు, 17 వేల పైచిలుకు లేఅవుట్లు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు. అందులోనే ఒక గది, వంటిల్లు, మరుగుదొడ్డి. జాగా ఇరుకన్న విమర్శ మొదటి రోజు నుంచీ ఉంది, అది న్యాయమైన విమర్శ. తర్వాత వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తానంది.

కొలతలను మించిన విశేషాలు ఆ లేఅవుట్లలో రెండున్నాయి. పట్టాలు ఆడవాళ్ల పేరు మీద వచ్చాయి. ప్లాట్లు చాలాచోట్ల లాటరీ పద్ధతిలో కేటాయించారు. దాంతో పాత వీధుల లెక్క తప్పింది. మాదిగ గేరి ఆమె పక్కన దూదేకుల ఆమెకు, ఆమె పక్కన చాకలి ఇంటామెకు జాగా వచ్చిన వరసలు కనబడతాయి. ఊరి పటం చేయనిది చీటీలు చేశాయి. ఇది చిన్న మార్పేమీ కాదు.

ఆ వరసల్లోని ఒక ఇంటిని దగ్గరగా చూద్దాం. బేస్‌మెంట్ లేచింది, గోడలు లెంటల్ దాకా వచ్చి ఆగాయి. కిటికీ చోట ఇటుకలు పేర్చి మూశారు. పిల్లర్ల నుంచి పైకి తేలిన కడ్డీలు తుప్పు పట్టి ఎర్రబారాయి. బిల్లు దశలవారీగా పడుతుంది: బేస్‌మెంటుకు కొంత, లెంటలుకు కొంత, స్లాబుకు కొంత. ఇంటికి సాయం 1 లక్షా 80 వేలు, పొదుపు సంఘం ద్వారా పావలా వడ్డీకి 35 వేల అప్పు. సిమెంటు, ఇనుము ధరలు, బేల్దారి కూలీ చూస్తే ఆ డబ్బు స్లాబు దాకా రాదు. మిగతాది మైక్రో ఫైనాన్సు దగ్గర తెచ్చి గోడలు లేపారు, అది అయిపోయాక ఆగిపోయారు. ఇప్పుడు ఆ కుటుంబం ఉంటున్న ఇంటికి బాడుగ కడుతోంది, ఉండలేని ఇంటికి వడ్డీ కడుతోంది. ఒకే కూలి డబ్బు రెండు గడపలకు పంచుకోవాలి. ఈ లెక్కలో షేకుల ఇంటికీ, మాదిగ ఇంటికీ, బోయల ఇంటికీ తేడా లేదు.

తేడా ఉన్నచోట దాన్ని ఒప్పుకోవాలి కూడా. ఇలా సగంలో ఆగిన ఇళ్ల కోసం 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, చెంచుల వంటి ఆదిమ గిరిజన తెగలకు లక్ష. పక్కపక్కనే ఆగిన రెండు గోడల్లో ఒకదానికి ఎక్కువ, మరొకదానికి తక్కువ వచ్చినప్పుడు మనసు చివుక్కుమనడం సహజం. అయితే నల్లమల గూడెంలోని చెంచు కుటుంబానికి బ్యాంకు తలుపు, పొదుపు సంఘం తలుపు, అప్పిచ్చే చుట్టపు తలుపు ఏదీ తెరిచి ఉండదు. తరాల తరబడి జాగా దక్కనివాడికి నాలుగు రూపాయలు ఎక్కువ రావడం పక్కవాడి కంచంలోంచి తీసినట్టు కాదు. ‘వాళ్లకు ఎందుకిచ్చారు’ అన్న చోట ‘మనకు చాలనిది ఎందుకు చాలడం లేదు’ అని అడగడం నేర్చుకున్న రోజున సగం గొడవ తీరుతుంది.

డర్బన్ నేర్పిన పాఠం

ఇల్లు లేని పేదలు జాతి గీత దాటి ఒకరికొకరు నిలబడటం గురించి తెలుసుకోవాలంటే మన బంధువులే ఉన్న ఊరొకటి ఉంది: దక్షిణాఫ్రికా రేవు పట్టణం డర్బన్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన ‘ట్రూరో’ ఓడ అక్కడికి చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా నటాల్‌కు తరలారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. ఒప్పందం తీరాక చాలామంది అక్కడే నిలిచిపోయి కూరగాయలు, అరటి పండించుకున్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకొని భాషనూ పండుగలనూ కాపాడుకున్నారు.

డర్బన్ పక్కనే కేటో మేనర్ అనే కొండవాలు ప్రాంతంలో భారతీయులకు భూములుండేవి. పల్లెల నుంచి పనికి వచ్చే జులూ ఆఫ్రికన్లకు పట్నంలో జాగా కొనే హక్కును తెల్ల ప్రభుత్వ చట్టాలు దాదాపు లేకుండా చేశాయి. వాళ్లు ఆ కొండవాలులో జాగా బాడుగకు తీసుకొని గుడిసెలు వేసుకున్నారు. కూరగాయల కంటే గుడిసెల బాడుగే లాభమని కొందరు భూయజమానులకు తెలిసింది. ఆఫ్రికన్ కూలీకి తన దురవస్థ వెనకున్న చట్టం కనిపించలేదు, నెల నెలా బాడుగకు వచ్చే ఇండియన్ ముఖం కనిపించింది. 1949 జనవరి 13న బజారులో మొదలైన చిన్న గొడవ రెండు రోజుల మారణకాండగా మారింది. అధికారిక లెక్కల ప్రకారం 142 మంది చనిపోయారు. వాళ్లలో ఆఫ్రికన్లూ ఉన్నారు, భారతీయులూ ఉన్నారు.

మరుసటి ఏడాది, 1950లో, తెల్ల ప్రభుత్వం గ్రూప్ ఏరియాస్ చట్టం తెచ్చింది. ఏ జాతి ఎక్కడ ఉండాలో పటం మీద గీతలు గీసింది. ఆ మారణకాండలో నెత్తురోడిన రెండు జాతులనూ కేటో మేనర్ నుంచి లేపేసింది. భారతీయుల్ని చాట్స్‌వర్త్‌కు, తర్వాత ఫీనిక్స్‌కు పంపారు. ఆఫ్రికన్లను క్వామషు వంటి టౌన్‌షిప్‌లకు తోలారు. కొట్టుకున్నందువల్ల ఇద్దరిలో ఎవరి ఇల్లూ నిలవలేదు.

యాభై ఏళ్ల తర్వాతి కథ వేరు. జాత్యహంకార పాలన 1994లో ముగిసింది. చాట్స్‌వర్త్‌లోని మునిసిపల్ ఫ్లాట్లలోకి ఆఫ్రికన్ కుటుంబాలు కూడా వచ్చి చేరాయి. అదే సమయంలో డర్బన్ బట్టల ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు, పని పోగొట్టుకున్నారు. బాడుగ బకాయిలు పేరుకున్నాయి. నగరపాలక సంస్థ నీళ్లు, కరెంటు కోసి, గడపలు ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. 1999 ఎన్నికల సమయంలో ఓట్ల గురించి మాట్లాడటానికి వెళ్లిన సామాజికవేత్త ఫాతిమా మీర్ బృందం ఆ ఫ్లాట్లలో ఆకలి చూసి, ఓట్ల మాట పక్కనపెట్టి ఇళ్ల మాట ఎత్తుకుంది.

2000 సంవత్సరంలో చాట్స్‌వర్త్‌లోని బేవ్యూ ఫ్లాట్లలో ఒక ఆఫ్రికన్ కుటుంబాన్ని బయటికి నెట్టడానికి భద్రతా సిబ్బంది ఆయుధాలతో వచ్చారు. మెట్ల దారి ఇరుకు. ఆ మెట్ల మీద అడ్డంగా నిలబడింది ఎక్కువమంది ఇండియన్ ఆడవాళ్లు: అమ్మలు, నాయనమ్మలు. బాష్పవాయువు వదిలినా కదల్లేదు. మరో నిరసనలో ఇండియన్లకు అన్నీ ఉన్నాయని ఒక నాయకుడు ఎత్తిపొడిస్తే, అక్కడున్న పెద్దామె గొంతెత్తి, తాము నిలబడింది ఇండియన్లుగా కాదనీ పేదలుగాననీ ఎదురు చెప్పింది. ఆ మాటే అశ్విన్ దేశాయ్ 2002లో రాసిన ‘వి ఆర్ ది పూర్స్’ పుస్తకానికి పేరైంది. 1949లో ఇళ్లు తగలబడిన ఆ ఊళ్లో, ఒకరి గడపకు ఒకరు అడ్డుగా నిలబడిన రోజు వచ్చింది. ఉపన్యాసాలు విని వచ్చిన మార్పు కాదది. ఒకే మెట్ల మీద నీళ్ల బిందెలు మోస్తూ, ఒకే నోటీసు అందుకుంటూ నేర్చుకున్న మార్పు.

2005లో డర్బన్ కెన్నెడీ రోడ్ గుడిసెవాసులు, తమకిస్తామన్న జాగా వేరేవాళ్లకు పోతోందని తెలిసి రోడ్డు దిగ్బంధించారు. అక్కడి నుంచి ‘అబాహ్లాలి బసెమ్‌జొండోలో’ అనే గుడిసెవాసుల ఉద్యమం పుట్టింది. ఆ పేరుకు అర్థమే గుడిసెల్లో ఉండేవాళ్లు. పైన్‌టౌన్ దగ్గరి మోతాలా హైట్స్‌లో ఈ ఉద్యమంలోకి ఆఫ్రికన్ గుడిసెవాసులూ, రేకుల ఇళ్లలో బాడుగకుంటున్న ఇండియన్ పేద కుటుంబాలూ కలిసి వచ్చారు. ఆ పోరాటంలో ముందు నిలిచినవాళ్లలో షమితా నాయుడు ఒకరు. పేరు చివర మనకు ఎంతో తెలిసిన ‘నాయుడు’ ఉన్న ఆమె, తన జాతివాళ్ల పక్షానే ఆగిపోకుండా పక్క గుడిసెలోని జులూ కుటుంబం పక్షాన నిలబడింది. గుడిసెవాసుల్ని ఖాళీ చేయించడానికి క్వాజులు-నటాల్ ప్రభుత్వం తెచ్చిన చట్టంలోని కీలకమైన సెక్షన్‌ను, ఈ ఉద్యమం వేసిన కేసులోనే 2009 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ముగుస్తుంది. కానీ 2021 జులైలో అల్లర్లు చెలరేగినప్పుడు ఫీనిక్స్‌లో వీధి కాపలా పేరుతో కొందరు ఇండియన్లు ఆయుధాలు పట్టారు. ముప్పైమందికి పైగా చనిపోయారు, అత్యధికులు నల్లజాతివాళ్లు. చాట్స్‌వర్త్ మెట్ల మీద కుదిరినది ఫీనిక్స్ రోడ్ల మీద కుదరలేదు. ఐక్యత ఒకసారి కట్టి వదిలేస్తే నిలిచే వస్తువు కాదు. ఏటేటా మిద్దెకు మట్టి కప్పినట్టు దాన్ని చూసుకుంటూ ఉండాలి. వదిలేస్తే మొదటి వానకే కారుతుంది.

షికాగో నుంచి ముదిగొండ దాకా

అమెరికాలోని షికాగోలో 1969లో ఇలాంటి కలయిక మరొకటి జరిగింది. ఫ్రెడ్ హ్యాంప్టన్ నాయకత్వంలోని నల్లజాతి యువకులు, ‘యంగ్ లార్డ్స్’ అనే పోర్టరికన్ యువకులు, అపలాచియా కొండల నుంచి పనికోసం వలసవచ్చి మురికి అపార్టుమెంట్లలో ఉంటున్న ‘యంగ్ పేట్రియట్స్’ అనే తెల్ల పేదలు కలిసి ‘రెయిన్‌బో కొయలిషన్’ కట్టారు. తెల్ల పేదల దగ్గరికి వెళ్లిన నల్లజాతి కార్యకర్తలు జాతి సిద్ధాంతాలతో మొదలుపెట్టలేదు. బాడుగలు, ఎలుకలు, పోలీసు దెబ్బల గురించి అడిగారు. జవాబులు తమ వీధి జవాబుల్లాగే ఉన్నాయని ఇద్దరికీ అర్థమైంది. అదే ఏడాది డిసెంబరు 4న పోలీసుల దాడిలో హ్యాంప్టన్ హతమయ్యాడు. అప్పటికి అతని వయసు 21. పేదలు జాతి గీత దాటడం అధికారానికి ఎంత భయం పుట్టిస్తుందో ఆ మరణం చెబుతుంది.

మన నేల మీదా ఆ భయం కనబడింది. 2007లో వామపక్షాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగు భూమి, ఇళ్ల జాగాల కోసం భూపోరాటం నడిపాయి. ప్రభుత్వ జాగాల్లో ఎర్రజెండాలు పాతి గుడిసెలు వేసిన వరసల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. జులై 28న బంద్ రోజున ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. అడిగింది జాగా, దొరికింది తూటా. 2022లో వరంగల్ శివారు జక్కలొద్దిలో వేలమంది పేదలు గుడిసెలు వేసుకున్నప్పుడు కూడా హిందువు, ముస్లిం, దళితుడు అన్న తేడా లేకుండా పక్కపక్కనే కర్రలు పాతుకున్నారు. కరెంటు లేని రాత్రుల్లో గుడిసెల్ని కాపాడుకోవాలంటే పక్క గుడిసెవాళ్లు మేలుకుని ఉండక తప్పదు.

ఈ ఉదాహరణలన్నిటిలో ఒక పోలిక ఉంది. కలయిక పెద్ద మాటలతో మొదలవలేదు. ఒక నోటీసు, ఒక గడప, ఒక కుళాయి, ఒక జాబితా దగ్గర మొదలైంది. కూలినచోటల్లా నాయకుడి మాట పక్కవాడి మాటను మించిపోయినందువల్లే కూలింది.

శిరివెళ్లలో ఏం చేయొచ్చు?

రాయలసీమ పల్లెల్లో హిందూ ముస్లిం కలివిడితనం గురించి మాట్లాడితే ముందు పీర్ల పండుగే గుర్తొస్తుంది. పీరును ఎత్తేవాళ్లలో, గుండం తొక్కేవాళ్లలో రెండు మతాలవాళ్లూ ఉంటారు. దర్గా దగ్గర చక్కెర చదివించి పంచేవాళ్లలో బోయలుంటారు, మాదిగలుంటారు. ఇది గొప్ప సంపద, పోగొట్టుకోకూడనిది. అయితే పండుగ ఏడాదికోసారి వస్తుంది, బాడుగ నెలనెలా వస్తుంది. పండుగలో కలిసిన చేతులు జాబితా దగ్గర కూడా కలవాలంటే కొన్ని పనులు పూనుకొని చేయాలి.

మొదటిది జాబితా. ఇళ్ల లబ్ధిదారుల జాబితా సచివాలయం గోడ మీద అంటిస్తే చదివేవాళ్లు కొందరే. గ్రామసభలో పేరుపేరునా చదివించాలి. చదివేటప్పుడు ప్రతి వీధి నుంచీ ఇద్దరు ఆడవాళ్లు అక్కడ ఉండాలి. అనర్హుల పేరు వస్తే తమ వీధి మనిషైనా సరే చెప్పాలి, అర్హుల పేరు రాకపోతే పక్క వీధి మనిషైనా సరే అడగాలి. ఈ రెండో పని వల్లే నమ్మకం పుడుతుంది. సాయిబుల వీధి ఆమె పేరు జారిపోయిందని మాదిగ గేరి ఆమె లేచి అడిగిన రోజున ‘అంతా వాళ్లకే’ అన్న పుకారుకు ఆ ఊళ్లో చోటు ఉండదు.

రెండోది నోటీసు. ప్రభుత్వ జాగాలో కొట్టం వేసుకున్నవాళ్లకు ఖాళీ చేయమన్న మాట వస్తే మొదట చూడాల్సింది అది రాతపూర్వకంగా ఉందా అని. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతలపై ఇచ్చిన తీర్పులో ముందస్తు నోటీసు, కనీసం 15 రోజుల గడువు, వాళ్ల వాదన వినడం తప్పనిసరి అంది. రోడ్లు, నీటి వనరులు ఆక్రమించిన కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే వంక ఒడ్డున ఉన్నవాళ్లకు తీర్పు ఒక్కటే చాలదు. వాళ్లను లేపకముందే మెరక మీద జాగా చూపించమని ఊరంతా కలిసి పట్టుబట్టాలి. నివాస హక్కు రాజ్యాంగంలోని జీవించే హక్కులో భాగమేనని చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మూడు దశాబ్దాల కిందటే చెప్పింది. ఆ హక్కు ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కాలంటే ఒక కుటుంబం అర్జీతో ఎక్కదు, నాలుగు వీధుల అర్జీతో ఎక్కుతుంది.

మూడోది సగంలో ఆగిన గోడలు. సేద్యంలో మనకు బదులు పని తెలుసు: ఈరోజు మీ కయ్యలో, రేపు మా కయ్యలో. ఇళ్ల వరసలో కూడా అది సాగుతుంది. బేల్దారి తెలిసినవాళ్లు, సెంట్రింగ్ తెలిసినవాళ్లు, బండలు పరిచేవాళ్లు, కరెంటు తీగలు లాగేవాళ్లు ఒకే కాలనీలో ఉంటారు. పది ఇళ్లవాళ్లు కలిసి ఇటుక, కంకర, కడ్డీ ఒకేసారి కొంటే బాడుగ ట్రాక్టరు ఖర్చు దగ్గర నుంచి ధర దాకా తగ్గుతుంది. సొంత ఇంటి పనికి ఉపాధి హామీలో 90 రోజుల కూలి ఇచ్చే వీలుండేది. ఆ పనిదినాలు అందరికీ పడ్డాయా లేదా అని కలిసి చూసుకోవచ్చు. వరసలో మొదటి ఇల్లు ఎవరిది లేపాలన్నప్పుడు విధవరాలిది, వికలాంగులున్న ఇల్లు, పసిబిడ్డలున్న ఇల్లు ముందని ఒప్పుకుంటే చాలు.

నాలుగోది బాడుగ ఇల్లు. సొంత ఇల్లున్నవాళ్లు ఊళ్లో ఉంటారు, వాళ్లలో చాలామంది కూడా నిన్నటి కూలీలే. ‘మీరేమిట్లు’ అని అడగకుండా ఇల్లిచ్చే పది మంది ముందుకు వస్తే ఆ వీధి మారుతుంది. ఖాళీ చేయించాల్సి వస్తే కనీసం బడి సెలవుల దాకా గడువిస్తామని మాటివ్వడం పెద్ద త్యాగం కాదు. చదువు మధ్యలో తెగిపోయిన పిల్లలకు మాత్రం అది జీవితంతో సమానం.

ఇదంతా ఎవరు మొదలుపెట్టాలి? కొత్త సంఘం పెట్టనక్కర్లేదు. పొదుపు సంఘాలు వీధికొకటి చొప్పున ఉన్నా గ్రామ సమాఖ్య సమావేశానికి అన్ని వీధుల నుంచీ ఆడవాళ్లు వస్తారు. అప్పుల కంతులు, బ్యాంకు లింకేజీ మాట్లాడుకొని లేచిపోతారు. నెలనెలా అన్ని కులాలవాళ్లూ అన్ని మతాలవాళ్లూ చాప మీద పక్కపక్కన కూర్చునే చోటు ఊళ్లో అంతకు మించి మరొకటి లేదు. ఇంటి పట్టా కూడా వాళ్ల పేరు మీదే ఉంది. ఇంటి అప్పు కూడా వాళ్ల సంఘం మీదే ఉంది. ఇక ఇంటి మాట ఎత్తే అధికారం వాళ్లది కాక ఎవరిది?

వచ్చే నెల సమావేశంలో కంతుల పుస్తకం తెరవకముందే ఒక ప్రశ్న అడగాలి: ఈ నెల మన ఊళ్లో ఎవరికి ఇల్లు ఖాళీ చేయమన్న మాట వచ్చింది, ఎవరి బిల్లు ఆగింది, ఎవరి పేరు జాబితాలోంచి జారిపోయింది? జవాబులు ఏ వీధి నుంచి వచ్చినా తీర్మానం అందరి సంతకాలతో రాయాలి. నాయకులు విడివిడిగా పిలిచినా అందరూ కలిసే వెళ్లాలి. చాట్స్‌వర్త్ ఆడవాళ్లకు తుపాకుల ముందు నిలబడాల్సి వచ్చింది. శిరివెళ్ల ఆడవాళ్లు సచివాలయం ముందు కలిసి నిలబడితే చాలు. వాళ్లు నిలబడాలి, మిగతా ఊరు వాళ్ల వెనక నిలబడాలి.